డాక్‌యార్డులో చేసినవాళ్లకు మాస్టర్ చెకప్ పనికొస్తుందా?

సైనిక్‌పురి, తిరుమలగిరి వైపు ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లో అడిగినా మాస్టర్ హెల్త్ చెకప్ జాబితా దాదాపు ఒకటే. రక్తం, షుగర్, కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీ, ఈసీజీ, కడుపు స్కానింగ్, ఒక ఛాతీ ఎక్స్‌రే. షుగర్, బీపీ చూసుకునేవాళ్లకు పెట్టిన డబ్బుకు తగ్గ సరుకే. విశాఖ డాక్‌యార్డులోనో, నౌకల ఇంజిన్ రూముల్లోనో ఏళ్ల తరబడి పనిచేసి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లకైతే ఐదుకు రెండు మార్కులే. ఆ రెండూ ఎక్స్‌రేకీ, హిమోగ్లోబిన్‌కీ.

లోపం ఫారం దగ్గరే మొదలవుతుంది. సిగరెట్ గురించి అడుగుతారు, మందు గురించి అడుగుతారు, ఏం పని చేశారని మాత్రం అడగరు. పాత ఆవిరి నౌకల్లో వేడి బయటికి పోకుండా బాయిలర్లకూ పైపులకూ చుట్టిన లాగింగ్‌లో, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్, అంటే మన రాతినార, ఉండేది. మరమ్మతుకు వచ్చినప్పుడు ఆ లాగింగ్‌ను తడపకుండా పీకితే లేచే సన్నపోగులు కంటికి కనబడవు. పీకినవాడే కాదు, పక్కన వెల్డింగ్ చేసినవాడూ పీల్చాడు. ఆ బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన ఇల్లాలూ పీల్చింది. ఆ పోగులవల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. అందుకని అడగకపోయినా ఒక కాగితం మీద రాసివ్వండి: డాక్‌యార్డులో ఏ వర్క్‌షాపు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, చేసిన పని ఏమిటి. (క్లెమెన్సో అనే యుద్ధనౌకను విడగొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్‌కు పంపిన ఫ్రాన్స్, ఆస్‌బెస్టాస్ గొడవతో 2006లో వెనక్కి పిలిపించుకుంది. నౌక చరిత్రనే అంతమంది తవ్వారు, మీ పని చరిత్ర మీరు రాసివ్వద్దా!)

ఎక్స్‌రే రిపోర్టు ఒక్క లైనులో 'నార్మల్' అని వస్తే అక్కడితో ఆగకండి. దుమ్ము పీల్చడంవల్ల వచ్చే జబ్బులకు ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతి వేరే ఉంది. ప్రామాణిక ఫిల్ములతో పోల్చి, మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 0/- నుంచి 3/+ దాకా పన్నెండు మెట్లలో చదువుతారు. మామూలు సెంటర్‌లో అలా చదవరు. సీడీ అడిగి తీసుకుంటే ఛాతీ డాక్టర్ తర్వాతైనా చూడగలడు.

ప్యాకేజీలో లేనిదీ, అసలు కావలసిందీ పీఎఫ్‌టీ, అంటే ఊదే పరీక్ష. 'యాడ్ ఆన్'గా చేస్తారు కానీ చేసే తీరే తేడా. ముక్కుకు క్లిప్పు, పెదాలు గొట్టం చుట్టూ బిగుతుగా. కట్టుడు పళ్లు వదులుగా లేకపోతే తీయనక్కర్లేదు. నిండా పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, ఇక గాలి రాదనేదాకా ఊదాలి. సరిగ్గా వచ్చినవి మూడు ఉండాలి, వాటిలో మంచివి రెంటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. ఒక్కసారి ఊదించి పంపేస్తే ఆ కాగితం చిత్తుకాగితమే. గ్రాఫులు కూడా ప్రింటు తీసుకోండి. ఇంకో చిక్కు: రక్తం ఇచ్చాక టిఫిన్ కూపన్ ఇస్తారు. కడుపు నిండా దోసెలు తిని ఊదితే గాలి పూర్తిగా రాదు, ఊదడం ముందు కానివ్వండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి.

ఊదే పరీక్ష రిపోర్టులో 'అబ్‌స్ట్రక్షన్ లేదు', అంటే గాలిగొట్టాల్లో అడ్డు లేదు, అని చూసి సంతోషపడేవాళ్లే ఎక్కువ. రాతినార పోగులతో వచ్చే ఆస్‌బెస్టోసిస్‌లో ఊపిరితిత్తి గట్టిపడి కుంచించుకుపోతుంది. అందువల్ల ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి ఊదిన మొత్తం గాలి, తగ్గుతుంది; అందులో మొదటి సెకనులో వచ్చిన గాలి ఎంత వంతో చెప్పే నిష్పత్తి మాత్రం బాగానే ఉంటుంది. చూడాల్సింది ఎఫ్‌వీసీని. దానితోపాటు ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతుందో చూసే డీఎల్‌సీఓ చేయించాలి; పది సెకన్లు ఊపిరి బిగబట్టే ఈ పరీక్ష ఎక్కువగా పెద్ద ఆసుపత్రుల పల్మనాలజీలోనే దొరుకుతుంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఫలితమూ తక్కువ చూపిస్తుంది, కాబట్టి ప్యాకేజీలోని రక్తం రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

సీటీ అందరికీ అక్కర్లేదు, డాక్టర్ రాస్తేనే. రాస్తే మాత్రం హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే సీటీ), బోర్లా పడుకోబెట్టి తీసినవి కూడా ఉండాలి. ఈ జబ్బు మొదట కనిపించేది ఊపిరితిత్తుల అడుగున, వెనక అంచున. వెల్లకిలా పడుకుంటే బరువుకు అక్కడే ఉత్తి నీడ కూడా పడుతుంది. బోర్లా తిరిగితే ఆ నీడ పోతుంది, జబ్బు మచ్చ పోదు. టెక్నీషియన్ తనంతట తాను బోర్లా తిప్పడు, చీటీ మీద రాసి ఉండాలి.

'క్యాన్సర్ మార్కర్ల' ప్యాకేజీ దండగ. అందులో ఉండే సీఈఏ అనే రక్తపరీక్ష నార్మల్ వస్తే ఊపిరితిత్తి క్యాన్సర్ లేదని కాదు.

నేవీ పెన్షనర్లు సొంత డబ్బు పెట్టకముందు ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలిక్లినిక్‌లో రిఫరల్ అడగాలి. డాక్‌యార్డు సివిలియన్ పెన్షనర్లకు ఆ దారి లేదు, సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పథకం) కార్డుంటే అది వాడాలి. కాంట్రాక్టు కింద చేసినవాళ్లకు రెండూ లేవు. ఆస్‌బెస్టోసిస్ అని తేలితే అది పాత ఉద్యోగుల పరిహార చట్టంలోనూ, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ మూడో షెడ్యూల్లో ఉన్న జబ్బేనని గుర్తుపెట్టుకుని, పని చేసినట్టు చూపే గేట్ పాస్, జీతం చీటీ ఏదున్నా దాచుకోవాలి.

తర్వాతిసారి ఊదే పరీక్షకు మళ్లీ అదే చోటుకు వెళ్లండి. మెషీన్ మారితే తేడా ఊపిరితిత్తులదో మెషీన్‌దో తేలదు.