మొండి పులిపిర్లకు మాత్రలు: జింక్, ఐసోట్రెటినాయిన్ వాడాక

పైపూతలు రాసి, కరెంటుతో కాల్పించుకున్నా మర్మాంగాల దగ్గర పులిపిర్లు తిరగబెడుతున్నవాళ్ల కోసం ఇది. మొదటిసారి వచ్చినవాళ్లకి మాత్రల జోలి అక్కర్లేదు. ఈ పులిపిర్లలో నూటికి 90 హెచ్‌పీవీ అనే వైరస్ 6, 11 రకాల వల్ల వచ్చేవే. ఆ వైరస్‌ని చంపే మాత్ర లేదు. అన్నిటికంటే ముందు సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష చేయించాలి, సిఫిలిస్ బుడిపెలూ అచ్చం ఇలాగే ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల సురక్ష క్లినిక్‌లో (సుఖవ్యాధుల విభాగం) డబ్బు తీసుకోరు.

జింక్ సల్ఫేట్ చవక. కిలో బరువుకి రోజుకి 10 మి.గ్రా., 600 దాటకుండా, మూడు పూటలుగా రెండు మూడు నెలలు రాస్తారు. తేడా వచ్చేది లెక్కలోనే. 220 మి.గ్రా. సల్ఫేట్‌లో అసలు జింక్ 50. అట్ట మీద ఏ అంకె వేశారో చూసుకోకపోతే మోతాదు నాలుగింతలు అటూఇటూ అయిపోతుంది. పరగడుపున వేస్తే వాంతే. అలాగని పొద్దున్నే చోడి అంబలి తాగి వేసుకుంటే ఒంటికి పట్టదు, చోళ్లలోని ఫైటేట్ అనే పదార్థం జింక్‌ని పట్టేసుకుంటుంది. అన్నం, చేపలకూర తిన్నాక మేలు. ఐరన్ మాత్రకి రెండు గంటలు ఎడం ఉండాలి. నెలల తరబడి సాగదీస్తే ఒంట్లో రాగి (కాపర్) తగ్గి రక్తం పడిపోతుంది. ఒంట్లో జింక్ తక్కువైనవాళ్లకి తప్ప దీన్ని నేను చెప్పను.

కాస్త పస ఉన్నది ఐసోట్రెటినాయినే. మొటిమల మందు ఇది, పులిపిర్లకి వైద్యుడు తన విచక్షణ మీద రాస్తాడు. కిలోకి 0.5 నుంచి 1 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 30 నుంచి 60, మూడు నెలలు. నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకుంటేనే పడుతుంది. కొత్తగా లేచిన చిన్నవాటి మీద బాగా పనిచేస్తుంది. కాలీఫ్లవర్‌లా గుత్తి కట్టినవి అంత తొందరగా లొంగవు, వాటిని కాల్పించుకున్నాకే ఈ మాత్ర. పెదాలు పగలడం ఖాయం, వేజిలీన్ జేబులో ఉండాల్సిందే. మొదలుపెట్టే ముందూ, ఆ తర్వాత నెలనెలా లివర్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) చూపించాలి. విటమిన్ ఎ మాత్రలు మానాలి.

కడుపుతో ఉన్న ఆడవాళ్లు దీన్ని తాకకూడదు, బిడ్డకి అంగవైకల్యం వస్తుంది. వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఇంకో నెలా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ నెల దాటేదాకా ఎవరూ రక్తదానమూ చేయకూడదు. మరో సుఖవ్యాధికి ఇంకో డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఈ మందు సంగతి అక్కడే చెప్పండి. రెండూ కలిస్తే తలలో ఒత్తిడి పెరిగి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం వస్తాయి.