పుర్రెల దగ్గర ఆగిపోకండి, కింద సొరుగులున్నాయి

ఫిలడెల్ఫియాలోని వైద్య చరిత్ర మ్యూజియం మ్యూటర్‌లో జనం ముందుగా ఆగేది 139 పుర్రెల గోడ దగ్గర. అక్కడే గంట గడుస్తుంది. ఈలోపు పిల్లలు ఆకలంటారు, పెద్దావిడ కాళ్లు లాగుతున్నాయంటుంది. కింది అంతస్తుని అలా ఓ చూపు చూసి బయటపడతారు. 2023లో పెద్దలకు టికెట్ 20 డాలర్లు. అందులో సగానికి పైగా గిట్టుబాటయ్యేది ఆ కిందే. అందుకే ముందు కిందికి దిగండి.

న్యూజెర్సీ ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లు కారు మర్చిపోండి, పార్కింగే ఇంకో టికెట్టంత మింగేస్తుంది. ట్రెంటన్‌లో రైలు మారి 30వ వీధి స్టేషన్‌లో దిగితే నడక పావుగంట.

కింద ఉన్నది గొంతు డాక్టర్ ఛెవాలియర్ జాక్సన్ సేకరణ. జనం మింగినవీ, ఊపిరితో లోపలికి లాక్కున్నవీ ఆయన తీసిన వస్తువులు, మొత్తం 2,374. 1924లో మ్యూజియానికి ఇచ్చేశాడు. బీరువా సొరుగులు మనమే లాగి చూసుకోవచ్చు. నాణేలు, గుండీలు, ఎముకలు, బొమ్మ బైనాక్యులర్లు, ‘అదృష్టం కోసం నన్ను దగ్గరుంచుకో’ అని చెక్కిన బిళ్ల కూడా.

పిన్నీసుల సొరుగు దగ్గర మాత్రం తొందరపడొద్దు. చీర కట్టుకుంటూ పిన్నీసు పెదాల మధ్య పెట్టుకునే ఇంట్లో పుట్టినవాళ్లకి అది వేరేగా కనిపిస్తుంది. మూసిన పిన్నీసుతో పేచీ తక్కువ. నోరు తెరుచుకుని, మొన పైకి ఉన్నదే చిక్కు: అలాగే లాగితే అన్నవాహిక చీరుకుపోతుంది. ముందు వెళ్లే మొన పొడుస్తుంది, వెనక వచ్చే మొన పొడవదు అన్నది జాక్సన్ సూత్రం. అందుకని పిన్నుని పైకి లాగకుండా కడుపులోకి దించేవాడు. అక్కడ చోటు ఎక్కువ కాబట్టి తిప్పి, స్ప్రింగు చుట్ట ముందుగా వచ్చేలా పట్టుకుని తీసేవాడు. చేసేదంతా చివర చిన్న బల్బున్న గొట్టం లోంచే. అంతకుముందు అచ్చం అలాంటి వస్తువునే రబ్బరు గొట్టంలో పెట్టి సాధన చేసేవాడు.

వేరుశెనగ గింజ పిన్నీసు కన్నా మొండిది. ఎక్స్‌రేలో కనపడదు, తడికి ఉబ్బుతుంది, నూనెకి శ్వాసనాళం వాస్తుంది, పట్టకారు గట్టిగా బిగిస్తే ముక్కలై ఇంకా లోపలికి జారుతుంది. జారేది ఎక్కువగా కుడి ఊపిరితిత్తి వైపుకే, అటు వెళ్లే నాళం వెడల్పు, నిటారు. చంటిపిల్లల చేతికి పల్లీలు ఇచ్చే అమ్మమ్మని వెంట తీసుకెళ్తే ఈ సొరుగు ఆవిడకి చూపించండి, మీరు నోరు విప్పక్కర్లేదు.

ఇదే తరహాది ఇంకోటి మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో, మానసిక వైద్య చరిత్ర చూపించే గ్లోర్ సైకియాట్రిక్ మ్యూజియంలో ఉంది. 1929లో ఒక్క రోగి కడుపులోంచి తీసిన 1,446 వస్తువుల్ని పువ్వు ముగ్గులా పేర్చారు. మేకులే 453, స్క్రూలు 42. ఆవిడ ఆపరేషన్‌లోనే పోయింది. ఆ పేర్పు అందం చూసి ముచ్చటపడాలో, సిగ్గుపడాలో తేలదు. కాన్సస్ సిటీలో ఉంటే గంట ప్రయాణం, వెళ్లండి. దానికోసమే విమానం ఎక్కడం మాత్రం దండగ.