హంతకుడెవరో తెలిశాక కూడా మళ్లీ చూడగలిగే నార్డిక్ క్రైం సిరీస్‌లు

హంతకుడెవరో తెలిసిపోయాక అదే సిరీస్ మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుంటే ఎంతసేపు కూర్చోగలం? క్రైం సిరీస్‌ని తూచడానికి నాకు ఇంతకంటే నికరమైన తూకం దొరకలేదు. డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్, ఫిన్లాండ్ సిరీస్‌లను ఏళ్ల తరబడి, కొన్నిటిని రెండు మూడు సార్లు చూశాక, ఏవి నిలిచాయో ఏవి తేలిపోయాయో ఇక్కడ రాస్తున్నాను. మలుపులేవీ బయటపెట్టను. దాదాపు మొదటి ఎపిసోడ్‌లో తెలిసేంత కథే ఇక్కడ ఉంటుంది.

అన్నిటికంటే ముందు, ఇప్పటికీ, డెన్మార్క్ వారి 'ద కిల్లింగ్'. డేనిష్‌లో దీని పేరు 'ఫోర్‌బ్రూదెల్సెన్', అంటే నేరం. 2007లో అక్కడి ప్రజా ప్రసార సంస్థ డీఆర్‌లో వచ్చింది. రచయిత సోరెన్ స్వైస్ట్రుప్. మొదటి సీజన్‌లో 20 ఎపిసోడ్లు. ఒక్కోటి గంటకు కాస్త తక్కువ, ఒక్కో ఎపిసోడ్ దర్యాప్తులో ఒక్కో రోజు. పందొమ్మిదేళ్ల నాన్నా బిర్క్ లార్సెన్ శవం కాలువలో మునిగిన కారులో దొరుకుతుంది. ఆ కారు కోపెన్‌హాగెన్ మేయర్ పదవికి పోటీ చేస్తున్న ట్రోల్స్ హార్ట్‌మన్ ప్రచార బృందానిది. అక్కణ్నుంచి మూడు దారులు కలిసి నడుస్తాయి: పోలీసులు, ఎన్నికలు, అమ్మాయి ఇల్లు.

మళ్లీ చూసినప్పుడు బరువు పెరిగేది మూడో దారికే. తండ్రి థైస్ సామాన్లు తరలించే ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం చేసుకునే మనిషి, తల్లి పెర్నిల్లె ఆ లెక్కలు చూసుకుంటుంది. మామూలు క్రైం సిరీస్‌లో బాధితుల కుటుంబం రెండు సీన్లు ఏడ్చి తప్పుకుంటుంది. ఇక్కడ ఇరవై రోజులూ వాళ్లు మన ఎదుటే ఉంటారు. మిగిలిన ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టాలి, అంత్యక్రియల ఏర్పాట్లు చూడాలి, పోలీసులు కొత్తగా ఒకరిని అనుమానించిన ప్రతిసారీ మళ్లీ మొదటి రోజులాగే కుంగిపోవాలి. ఈ భాగం హంతకుడి పేరు మీద ఆధారపడదు. అందుకే పాతబడదు.

దీన్ని ఆపకుండా చూడటం పొరపాటు. డెన్మార్క్‌లోనే దీన్ని రెండు ముక్కలుగా వేశారు: 2007 మొదట్లో పది ఎపిసోడ్లు, మిగతా పది ఆ శరదృతువులో. పదో ఎపిసోడ్ దగ్గర కొన్నాళ్లు ఆపడం కథకు సరిపోతుంది. రోజుకు రెండు మించితే అనుమానితులు ఒకరిలో ఒకరు కలిసిపోతారు. పన్నెండు నుంచి పదిహేను మధ్య కాస్త సాగుతుంది. ఇరవై గంటలు నిండాలి కాబట్టి ఒక్కో అనుమానితుడిని రెండు మూడు ఎపిసోడ్ల పాటు పైకెత్తి వదిలేస్తారు. అక్కడే చాలామంది మానేస్తారు. మానకండి. మున్సిపాలిటీ దారిలో పేర్లు తికమకపెడతాయి. ఒక కాగితం మీద నాలుగు రాసుకుంటే చాలు: హార్ట్‌మన్, ఆయన సలహాదారు రీ స్కౌగార్డ్, ప్రచార వ్యవహారాలు చూసే మోర్టెన్ వేబర్, పాత మేయర్ బ్రేమర్.

చిత్రీకరణ నడుస్తున్నప్పుడు హంతకుడెవరో నటులకు కూడా చెప్పలేదు. దాని లాభం తెర మీద కనిపిస్తుంది, ఎవరూ దోషిలా నటించరు. నష్టమూ ఉంది: రెండోసారి చూస్తే మొదటి ఎపిసోడ్లలోని కొన్ని చూపులకు, కొన్ని దాపరికాలకు తర్వాత జవాబు దొరకదు. నాకైతే ఆ బేరం నష్టంగా అనిపించలేదు.

రెండో సీజన్ 2009లో వచ్చింది, పది ఎపిసోడ్లు. అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చిన సైనికుల చుట్టూ తిరిగే కథ, మూడింటిలో ఇదే కొంచెం పలచన. 2012లో వచ్చిన మూడోది మళ్లీ గట్టిది. కానీ దాన్ని ముందు చూడకూడదు. ఈ దర్యాప్తులు నడిపే డిటెక్టివ్ సారా లుండ్ ఎక్కడ మొదలైందో తెలియకుండా ఆమె ఎక్కడికి చేరిందో చూడటంలో అర్థం లేదు.

పోలీసులు ఎందుకంత హడావిడి పడుతుంటారో తెలుసుకుంటే ఇంకా బాగుంటుంది. డెన్మార్క్ రాజ్యాంగం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో జడ్జి ముందు నిలబెట్టాలి. మన రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్నదీ దాదాపు ఇదే. ఆ గడియారం తలలో పెట్టుకుని చూస్తే, లుండ్ ఒకరిని వదిలేయాల్సి వచ్చిన ప్రతిసారీ కారణం మనకు సులువుగా తడుతుంది.

తర్వాతది 'ద బ్రిడ్జ్'. స్వీడన్, డెన్మార్క్ కలిసి తీసిన సిరీస్, 2011లో మొదలై 2018లో ముగిసింది. మొదటి మూడు సీజన్లు పదేసి ఎపిసోడ్లు, నాలుగోది ఎనిమిది, మొత్తం 38. స్వీడన్‌లోని మాల్మోకీ కోపెన్‌హాగెన్‌కీ మధ్య ఉన్న ఎరెసుండ్ వంతెన మీద లైట్లు ఆరిపోయి వెలిగేసరికి సరిగ్గా సరిహద్దు గీత మీద ఒక శవం ఉంటుంది. కదిపితే రెండు ముక్కలు, ఇద్దరు వేర్వేరు మనుషులవి, ఇద్దరూ వేర్వేరు దేశాల వాళ్లు. కేసు ఎవరిది? స్వీడన్ నుంచి సాగా నోరెన్, డెన్మార్క్ నుంచి మార్టిన్ రోడె కలిసి పనిచేయాలి.

ఈ సిరీస్‌ని డబ్బింగ్‌లో చూస్తే సగం పోతుంది. సాగా స్వీడిష్ మాట్లాడుతుంది, మార్టిన్ డేనిష్ మాట్లాడతాడు. రెండూ అక్కచెల్లెళ్ల లాంటి భాషలు కాబట్టి పని నడుస్తుంది, కానీ ఎక్కడో ఒకచోట తట్టుకుంటుంది. డేనిష్‌లో అంకెలు ఇరవైల లెక్కన నడుస్తాయి. యాభైకి 'హాల్‌ట్రెస్' అంటారు, దాని వెనకున్నది 'రెండున్నర ఇరవైలు' అనే లెక్క. స్వీడిష్ వాళ్లకు అది నోరు తిరగదు, చెవికీ పట్టదు. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో అందరూ ఒకే భాష మాట్లాడేస్తారు, ఇద్దరి మధ్య ఉన్న ఆ చిన్న కంచె మాయమైపోతుంది. తెలుగు, కన్నడ పోలీసులు సరిహద్దు కేసులో కలిశాక ఇద్దరి చేతా హిందీలో మాట్లాడించినట్టు ఉంటుంది.

స్వీడన్‌లో 1960ల చివర్లో గౌరవవాచకాలు దాదాపు పోయాయి. కింది ఉద్యోగి పై అధికారిని పేరు పెట్టి, 'నువ్వు' అనే పిలుస్తాడు. మనకు అది మొదట్లో పొగరులా వినిపిస్తుంది. సాగా మొరటుతనం ఆ మామూలు పిలుపులో లేదు. అడగాల్సింది నేరుగా అడిగేయడంలో, ఓదార్చాల్సిన చోట సమాచారం చెప్పడంలో ఉంది. సాగాగా వేసిన సోఫియా హెలీన్ నటన రెండోసారి చూస్తేనే పూర్తిగా అందుతుంది, ఎందుకంటే నవ్వు తెప్పించిన చోట్లే తర్వాత గుండె బరువెక్కుతుంది.

లోపం కూడా చెప్పాలి. మొదటి సీజన్‌లో హంతకుడి పథకం మరీ తెలివైనది. అంత పని ఒక్క మనిషి ఎలా చేయగలిగాడని మళ్లీ చూస్తున్నప్పుడు అనిపించక మానదు. నిలబెట్టేది ఆ ఇద్దరి స్నేహమే. రెండో సీజన్ ముగింపు ఆ స్నేహానికి పెట్టిన పరీక్ష, ఈ సిరీస్ మొత్తానికి అదే శిఖరం. మార్టిన్‌గా వేసిన కిమ్ బోద్నియా మూడో సీజన్ నుంచి లేడు. అక్కడ ఆపేయాలనిపిస్తుంది. రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టండి, సాగాకు కొత్త జోడీగా వచ్చే హెన్రిక్ పాత్ర తన చోటు తనే సంపాదించుకుంటుంది.

రక్తం, భీభత్సం వద్దనుకునేవారికి నేను ముందు చెప్పేది 'ది ఇన్వెస్టిగేషన్'. డెన్మార్క్, 2020, ఆరు ఎపిసోడ్లు, దర్శకుడు టొబియాస్ లిండ్‌హోమ్. 2017లో ఒక జలాంతర్గామిలో హత్యకు గురైన స్వీడిష్ జర్నలిస్టు కిమ్ వాల్ కేసు ఇది. నిందితుడు ఒక్క సీన్‌లోనూ కనిపించడు, అతని పేరు ఎవరూ పలకరు. హత్యను చూపించరు. మరి ఆరు ఎపిసోడ్లూ ఏముంటుంది? నేరం రుజువు చేయడానికి ఏం కావాలో ఉంటుంది. అనుమానం ఎంత బలంగా ఉన్నా మరణ కారణం తేలకపోతే ప్రాసిక్యూటర్ ఒప్పుకోడు. దాంతో సముద్ర ప్రవాహాల లెక్కలు, నీటి మీద వాసన పట్టే కుక్కలు, రోజుల తరబడి అడుగు వెతికే గజ ఈతగాళ్లు. వృత్తి మీద ఇంత గౌరవంతో తీసిన సిరీస్ ఇంకోటి చూడలేదు. మెల్లగా నడుస్తుంది. ఆ మెల్లదనమే అసలు విషయం.

ఐస్‌లాండ్ నుంచి 'ట్రాప్డ్', 2015, పది ఎపిసోడ్లు. డెన్మార్క్ నుంచి వచ్చే ఫెర్రీ సేదిస్‌ఫ్యోర్దుర్ రేవుకు చేరే వేళకి నీళ్లలో ఒక మొండెం దొరుకుతుంది. మంచు తుఫానుకు రోడ్డు మూసుకుపోతుంది, రాజధాని నుంచి రావాల్సిన నిపుణులు రాలేరు. ఊరి పోలీసులు ముగ్గురే. అక్కడ పోలీసులు మామూలుగా తుపాకీ పెట్టుకోరు, దేశ జనాభా మొత్తం నాలుగు లక్షల లోపు. అందుకే ప్రతి అనుమానితుడూ ఎవరికో బంధువో, చిన్ననాటి స్నేహితుడో అవుతాడు. ఇంటిపేర్లు వెతుక్కోకండి, వాళ్లకు చాలావరకు ఉండవు. పేరు చివర 'సోన్' అంటే ఫలానావారి కొడుకు, 'దోత్తిర్' అంటే కూతురు, పిలిచేది మొదటి పేరుతోనే. రెండో సీజన్ బాగానే ఉంటుంది గానీ, మంచుతో దిగ్బంధమైన ఆ మొదటి కట్టుదిట్టం లేదు.

'ద చెస్ట్‌నట్ మ్యాన్' 2021లో నెట్‌ఫ్లిక్స్ తీయించింది, ఆరు ఎపిసోడ్లు, 'ద కిల్లింగ్' రాసిన స్వైస్ట్రుప్ నవల ఆధారం. ఈ రకం సిరీస్ మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక వారాంతం చాలు కాబట్టి కొత్తవారికి ఇది సరైన మొదటి మెట్టు. కానీ నా తూకంలో తేలిక. ఒకసారి ఊపిరి బిగబట్టి చూస్తాం, రెండోసారి యంత్రం చక్రాలు కనిపిస్తాయి. ఫిన్లాండ్ 'డెడ్‌విండ్' మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లు, 'ద కిల్లింగ్' అడుగుజాడలు మరీ దగ్గరగా పట్టుకుని నడుస్తుంది, మధ్యలో నీరసిస్తుంది. దానికంటే అదే దేశపు 'బోర్డర్‌టౌన్' నయం. రష్యా సరిహద్దు దగ్గరి లాపేన్‌రాంటా ఊళ్లో జరుగుతుంది. ఒక్కో కేసు కొన్ని ఎపిసోడ్లలోనే ముగుస్తుంది, ఎక్కువ సమయం ఇవ్వలేనివారికి అనువు.

చూసే పద్ధతిలో జరిగే తప్పుల వల్లే చాలామందికి ఇవి నచ్చకుండా పోతున్నాయి. మొదటిది ఆడియో. మీ ప్రొఫైల్ భాషను బట్టి యాప్ తనంతట తానే ఇంగ్లిష్ డబ్బింగ్ మొదలుపెట్టవచ్చు. ఆడియో, సబ్‌టైటిల్స్ మెనూలోకి వెళ్లి 'ఒరిజినల్' అని ఉన్న భాష పెట్టుకోండి. తర్వాత సబ్‌టైటిల్. ఇంగ్లిష్ రెండు రకాలుగా కనిపిస్తే, 'సీసీ' (వినికిడి లోపం ఉన్నవారి కోసం శబ్దాలు కూడా రాసేది) అన్నది చాలాసార్లు డబ్బింగ్ మాటలకు రాసినది. డబ్బింగ్ పెదవుల కదలికకు సరిపడేలా మార్చి రాస్తారు కాబట్టి అసలు మాటకు దూరంగా ఉంటుంది. మామూలు ఇంగ్లిష్ సబ్‌టైటిలే మేలు. అక్షరాలు చిన్నవనిపిస్తే అకౌంట్ సెట్టింగ్స్‌లో పరిమాణం పెంచుకోండి, అక్షరాల వెనక నల్లని నీడ పెట్టుకోండి, లేకపోతే 'ట్రాప్డ్' మంచులో తెల్ల అక్షరాలు కలిసిపోతాయి. చూసే వేగం 1.25కి పెంచకండి. సబ్‌టైటిల్ వరుసకు 42 అక్షరాల చొప్పున రెండు వరుసల దాకా వస్తుంది, వేగం పెంచితే చదవడానికే కళ్లు సరిపోతాయి, ముఖాలు చూడలేం.

ఒరిజినల్ ఆడియోలో ఒక శబ్దం గుర్తుపట్టండి. ఎవరైనా మాట్లాడుతూ ఉన్నట్టుండి ఊపిరి లోపలికి పీల్చుతూ చిన్నగా 'యా' అంటే అది ఉలికిపాటు కాదు. స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్‌లలో 'అవును' అనడానికి అదొక మామూలు పద్ధతి.

చీకటి గురించి వచ్చే ఫిర్యాదు చాలావరకు టీవీది. డిసెంబర్‌లో కోపెన్‌హాగెన్‌లో మధ్యాహ్నం మూడున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది, కాబట్టి సిరీస్ నల్లగా ఉండటం సహజమే. అయితే షోరూమ్ వాళ్లు పెట్టిచ్చిన 'వివిడ్' మోడ్‌లో నలుపులో ఉన్న వివరం చచ్చిపోతుంది. 'మూవీ' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌కి మార్చి, కదలికలను కృత్రిమంగా నునుపు చేసే 'మోషన్ స్మూతింగ్' తీసేసి, గదిలో లైటు ఆర్పితే లుండ్ టార్చి వెలుగులో ఏం చూస్తోందో మనకూ కనబడుతుంది.

వెతికేటప్పుడు రిమేక్‌ల దగ్గర జాగ్రత్త. 'ద కిల్లింగ్' అని కొడితే 2011 అమెరికన్ సిరీస్ రావచ్చు. అది మొదటి సీజన్ చివర కూడా హంతకుడిని చెప్పదు, రెండో సీజన్‌లో చెప్పినప్పుడు అసలుదానికి వేరే మనిషి. 'ద బ్రిడ్జ్' పేరుతో 2013లో అమెరికా, మెక్సికో సరిహద్దు కథ ఉంది. సంవత్సరంతో పాటు నటి పేరు చూడండి: సోఫీ గ్రోబోల్ అయితే అసలు 'కిల్లింగ్', సోఫియా హెలీన్ అయితే అసలు 'బ్రిడ్జ్'. హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి ఒక యాప్‌లో ఇవాళ ఉన్నది వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. దొరికినప్పుడే చూసేయడం మంచిది.

నార్డిక్ దేశాలు దాటి ఒక్కటే చెప్పమంటే ఫ్రాన్స్ 'స్పైరల్'. 2005 నుంచి 2020 వరకు ఎనిమిది సీజన్లు, 86 ఎపిసోడ్లు. పోలీసు, ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయర్, వీళ్లతోపాటు దర్యాప్తు నడిపే జడ్జి. జడ్జే దర్యాప్తు చేయడం మనకు కొత్త. ఆ ఒక్క తేడా అర్థమైతే ఎవరు ఎవరి మీద ఎందుకు మండిపడుతున్నారో తెలుస్తుంది. మొదటి సీజన్ తడబడుతుంది, రెండో సీజన్ నుంచి పట్టు చిక్కుతుంది. కొరియా 'స్ట్రేంజర్' కూడా వ్యవస్థ గురించే, 2017 మొదటి సీజన్ పదహారు ఎపిసోడ్లు. మనసులో ఉద్వేగం కలగని ప్రాసిక్యూటర్ హ్వాంగ్ సి-మోక్‌ని సాగా పక్కన పెట్టి చూడటం మంచి అనుభవం.

ఇంట్లో పిల్లలుంటే హాల్లో పెట్టకూడనివి: 'చెస్ట్‌నట్ మ్యాన్'లో అంగచ్ఛేదం, 'బ్రిడ్జ్'లో శృంగార సన్నివేశాలు, శవాలు, 'ట్రాప్డ్'లో మొండెం దగ్గరగా చూపిస్తారు. పెద్దవాళ్లతో కలిసి కూర్చుని చూడటానికి 'ది ఇన్వెస్టిగేషన్'కి అడ్డు లేదు, సబ్‌టైటిల్ చదివి చెప్పడానికి కూడా మాటల మధ్య కావలసినంత సమయం ఇస్తుంది.