పదో తరగతి తెలుగు గైడు: పదజాలానికి కొనుర్రి, ఛందస్సుకు నమ్మకుర్రి

మా బిడ్డ ఈ యేడు పది. బడి తెరవంగనే పాలమూరుల క్లాక్ టవర్ కాడ బుక్ స్టాల్ల ఈ గైడు కొన్నం, 280 రేటుంటే 250కి ఇచ్చిండు. కంపెనీ పేరు రాయను గాని క్లాసుల సగం మంది పిల్లల కాడ ఇదే ఉన్నదంట, అందుకే రాస్తున్న.

పదజాలం మాత్రం మనసు పెట్టి చేసిన్రు. పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు పాఠం వారీగ ఉన్నయి, అక్షరాలు పెద్దగున్నయి. కరము అంటే చెయ్యి, తొండం, కిరణం, పన్ను అని ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం ఇచ్చిన్రు, అది సదివినంక మా బిడ్డ మున్సిపాలిటీ ఇంటిపన్ను రసీదు తెచ్చి అమ్మా ఇది గూడ కరమే కదా అన్నది. గట్ల పట్టుకుంటె ఇగ మర్చిపోరు.

ఛందస్సు, అంటే పద్యం నడక లెక్క కాడికొస్తే నాకు శానా బాధైంది. దానశీలము పాఠంల పోతన పద్యం "కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే" ఉన్నది కదా, దాన్ని మత్తేభం అనే రకం పద్యమని అచ్చేసిన్రు. పిల్ల అదే బట్టీ పట్టి పరీక్షల రాసింది, మార్కులు పోయినయి. ఆ రాత్రి ఇద్దరం కూసొని గురులఘువులు, అంటే ఏ అక్షరం పొడుగు (గురువు), ఏది పొట్టి (లఘువు) అని గుర్తులు పెట్టినం. మూడేసి అక్షరాల గుంపును గణం అంటరు; మత్తేభం స గణంతోని మొదలైతది, అంటే మొదటి రెండక్షరాలు లఘువులుండాలె, ఈడ కా, రే, రా మూడూ దీర్ఘాలే, మ గణం. పాదంల అక్షరాలు లెక్కబెడితే 19, మత్తేభానికి 20 ఉండాలె. గణాల వరుస మ స జ స త త గ, 13వ అక్షరం కాడ కా కు గ తోని యతి (పాదం మొదటి అక్షరంతోని జత కుదరడం) సరిపాయె, అది శార్దూలం అనే ఇంకో రకం పద్యం. గర్వోలో గ పొట్టిదే అయినా ఎనక ర్వో ఉన్నది కాబట్టి గురువైతదని అప్పుడు తెలిసింది పిల్లకు. గైడుల గణాలు విడగొట్టి చూపెట్టలె, ఉత్త పేరే రాసిన్రు, చూపెట్టి ఉంటే తప్పు వాళ్లకే కనవడుతుండె.

అలంకారాలు గూడ అంతే, ఉపమకూ ఉత్ప్రేక్షకూ తేడా తెలిసెటట్టు లేదు. నేనే చెప్పిన, పిల్లలమర్రి చెట్టు గొడుగులాగ నీడనిస్తది అంటే ఉపమ, ఆ మర్రి భూమికి పట్టిన గొడుగో ఏమో అన్నట్టున్నది అంటే ఉత్ప్రేక్ష. ఒకటి పోలిక, ఇంకోటి ఊహ.

ఇంకోటి, కొత్తబాట పాఠం. రాసిన యశోదారెడ్డి మేడం మన బిజినేపల్లిల పుట్టినామె, పాఠం నిండ మన పాలమూరు మాటలే. మా అత్తమ్మకు సదివి ఇనిపిస్తె ఒక్క మాటకు గూడ అర్థం అడగలె, నవ్వుకుంట ఇన్నది. అసుంటి పాఠానికి గైడుల జవాబులన్నీ పేపరు భాషల ఉన్నయి. ప్రశ్నలల్లనేమో జవాబు సొంతమాటల్ల రాయమంటరు, మా పిల్ల సొంతమాట ఆ పాఠంల ఉన్న మాటనే కదా.

5కు 3 ఇస్త, ఆ మూడూ పదజాలానికే. ఆల్రెడీ కొన్నోళ్లుంటే దానశీలము కాడ మత్తేభం కొట్టేసి శార్దూలం అని రాసుకోండ్రి, మిగిలిన పద్యాలకు గూడ గణాలు పిల్లలతోనే పెట్టించుండ్రి.