పాత నాణేలు: ప్లాట్‌ఫామ్ మీదా, షాపులోనా, వేలం పాటలోనా, ఎక్కడ కొంటే మేలు?

నెల్లూరు నుంచి చెన్నై వచ్చాక నేను నాణేలు ఈ మూడు చోట్లా కొన్నాను, మూడు చోట్లా డబ్బు పోగొట్టుకున్నాను. మీరు కొత్తగా మొదలుపెడుతుంటే మొదట షాపుకే వెళ్లండి. ఎందుకో చెబుతాను.

పాత సామాన్లకు పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది గానీ సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల ప్లాట్‌ఫామ్ మీద, అంటే రోడ్డు పక్కన, ఆ బేరం మాత్రం పోలేదు. అక్కడ ఒక ఆదివారం ఒకతను గుడ్డ మూట విప్పి, గొంతు తగ్గించి, "1939 రూపాయి సార్, రొంబ రేర్" అన్నాడు. నిజంగానే అరుదు. 1940 నుంచి రూపాయిలో వెండి 91.7 శాతం నుంచి 50 శాతానికి పడిపోయింది. అంటే పాత పాళ్ల వెండితో వచ్చిన చివరి రూపాయి 1939దే. అలాంటిది నాలుగు వేలకే ఇస్తున్నాడంటే అనుమానం రావాలి కదా? నాకు ఆనందం వచ్చింది. ఇంటికెళ్లి త్రాసు మీద పెడితే 10.4 గ్రాములు తూగింది. ఉండాల్సింది 11.66. భూతద్దంలో చూస్తే అంచు చుట్టూ పోత గీత, అంటే లోహం కరిగించి అచ్చులో పోసిన గుర్తు, కూడా కనబడింది. తిరిగి వెళ్లేసరికి మనిషీ లేడు, మూటా లేదు.

ప్లాట్‌ఫామ్ మీదే ఇంకో రకం సరుకు ఉంటుంది. ఒకవైపు హనుమంతుడు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే ఏడాది. బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెబుతారు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. 'రైస్ పుల్లింగ్' మాట వినబడగానే అక్కణ్ణుంచి నడిచేయండి.

షాపులో ధర ఎక్కువే. నేను వెళ్లే పెద్దాయనది మింట్ స్ట్రీట్ దగ్గర. ఆ వీధిని తమిళంలో తంగసాలై అంటారు, మన టంకశాలే. ఆయన్నుంచి నేను కొన్నవాటి కంటే ఆయన కొనొద్దన్నవే ఎక్కువ. "వద్దు బాబూ, చింతపండు వేసి తోమారు దీన్ని. మెరుపు చూసి మోసపోకు" అని నా చేతిలోంచి లాక్కున్న రోజులున్నాయి. నైజాం రూపాయి మీద చార్మినార్ ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అది చూపించింది ఆయనే. మరి అక్కడ పోయిందేమిటంటారా? డబ్బు అవసరమై ఆరు నాణేలు తిరిగి ఆయనకే అమ్మబోతే, నేను కొన్న ధరలో మూడో వంతు కోసేశాడు. ఆయన తప్పేం లేదు, వ్యాపారి లాభం అలాగే వస్తుంది. ఆ లెక్క నేను కొనేటప్పుడే వేసుకోవాల్సింది.

వేలం పాట గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏ నాణెం కావాలో, దాని సరైన ధర ఎంతో ముందే తెలిసినవాళ్లకే అది. పాట ఆగిన ధర మీద కమీషన్, ఆ కమీషన్ మీద జీఎస్టీ పడతాయని మర్చిపోయి నేను ఎనిమిది వేల దగ్గర చెయ్యెత్తాను. బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

ప్లాట్‌ఫామ్‌కి ఇప్పటికీ వెళ్తాను, జేబులో మూడు వందలు, చిన్న త్రాసు పెట్టుకుని. వెండి జోలికి పోను. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లి కానీలు ఏరుకుంటాను. 1947ది అక్షరాలు అరగనిది ఇంకా దొరకలేదు.