టెరాకాపీ: వెరిఫై పెట్టకుండా వాడితే దండగే

విండోస్ 7 నాటి కంప్యూటర్ నుంచి ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తారు. ఒక్క ఎర్రరూ రాదు. సైజు అదే, తేదీ అదే. తీరా తెరిస్తే ఫొటో పై సగం బాగానే ఉంటుంది, కింది సగం బూడిదరంగు. రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూసే పని విండోస్ ఎక్స్‌ప్లోరర్ పెట్టుకోదు. డిస్కు సరేనంటే కాపీ అయిపోయినట్టే దాని లెక్క.

విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్, కోడ్ సెక్టర్ వాళ్ల టెరాకాపీ పనికొచ్చేది ఇక్కడే. ఇంటి వాడకానికి ఉచితం. స్పీడు కోసమైతే వేసుకోనక్కర్లేదు, అసలు సరుకు వెరిఫై (సరిచూసే) ఆప్షనే. కాపీ చేస్తూనే మూలం ఫైలుకు చెక్‌సమ్ (ఫైల్లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) లెక్కకట్టి, తర్వాత కొత్త ఫైలును చదివి పోలుస్తుంది. చదవలేని ఫైలు తగిలితే పనంతా ఆపేయకుండా దాన్ని దాటేసి, చివర్లో ఏవి పోయాయో చూపిస్తుంది. చెక్‌సమ్ లెక్కకట్టే పద్ధతుల్లో ఎండీ5 చాలు. పాత ప్రాసెసర్‌కి అంతకంటే బరువైనది పెట్టి లాభం లేదు. టైము మాత్రం దాదాపు రెట్టింపు పడుతుంది: యూఎస్‌బీ 2.0లో సెకనుకు 30 ఎంబీ చొప్పున 100 జీబీ కాపీకి గంట, సరిచూడటానికి ఇంకో గంట.

ఇక లోపాలు. కాపీ అయిన వెంటనే వెరిఫై చేస్తే, చిన్న ఫైళ్లు డిస్కు నుంచి కాక ర్యామ్‌లో తాత్కాలికంగా దాచిన కాపీ (కాష్) నుంచే రావచ్చు. అప్పుడు అంతా ఓకే అనే చూపిస్తుంది. అందుకే చెక్‌సమ్ ఫైలు సేవ్ చేసుకుని, డిస్కును సేఫ్‌గా ఎజెక్ట్ చేసి, కేబుల్ పీకి మళ్లీ పెట్టి, ఆ ఫైలు తెరిచి ఇంకోసారి సరిచూడాలి.

రెండోది పెద్ద లోపం, అయితే తప్పు టెరాకాపీది కాదు. ర్యామ్ చెడి మూలం ఫైలే తప్పుగా వస్తే, చెక్‌సమ్ కూడా ఆ తప్పు డేటాకే పడుతుంది, రెండూ చక్కగా సరిపోతాయి. అదే ఫైలుకు రెండుసార్లు రెండు రకాల చెక్‌సమ్‌లు వస్తున్నాయంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి. కాపీ మొదలుపెట్టే ముందు రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడపండి. పాత డిస్కునూ చూసుకోవాలి: డిస్కు ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ5 అనే వరసలో విలువ సున్నా కాకపోతే, చదవడానికి మొరాయిస్తున్న సెక్టర్లు (డిస్కులో డేటా ఉండే చిన్న గళ్లు) ఉన్నట్టు. డేటా దారిలో చెడిన లెక్క చూపే సీ7 పెరుగుతూ పోతుంటే ఎక్కువసార్లు దోషం డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది, డిస్కుది కాదు. కేబుల్ మార్చి చూడండి. సీ5 పెరుగుతూ పోతుంటే మాత్రం టెరాకాపీ జోలికి పోవద్దు. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేసి, చెడుతున్న డిస్కు నుంచి డేటా కాపాడే డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇమేజ్ (అచ్చు నకలు) తీయడమే దారి.

విండోస్‌లోనే ఉన్న, కమాండ్ టైప్ చేసి వాడే కాపీ టూల్ రోబోకాపీ చాలదా అంటే, తెగిపోయిన కాపీని కొనసాగించడానికి అది గట్టిది. కానీ చూసేది సైజు, తేదీ మాత్రమే, లోపలి డేటా కాదు. పైగా ఫెయిలైన ఫైలును డిఫాల్ట్‌గా 10 లక్షలసార్లు, 30 సెకన్లకోసారి ప్రయత్నిస్తుంది. చెడిన సెక్టర్ దగ్గర అలా వదిలేస్తే డిస్కు ప్రాణం తీస్తుంది! అందుకే కమాండ్ చివర /ఆర్:1 /డబ్ల్యూ:1 (ఒక్కసారే మళ్లీ ప్రయత్నం, ఒక్క సెకను ఆగడం) అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చాలి.

చెక్‌సమ్ ఫైలును ఆ డిస్కులోనే కాక వేరేచోట కూడా ఉంచండి. ఆర్నెల్లకోసారి డిస్కు పెట్టి టెరాకాపీతో తెరిస్తే, చెడిన ఫైలు ఏదో పేరుతో సహా చూపిస్తుంది.