పూతరేకులు మోసే ఆల్టో: పదహారేళ్ల బండిని ఉంచుకోవాలా, అమ్మేయాలా

మాది ఆత్రేయపురం. ఇంట్లో పూతరేకులు చుట్టి రావులపాలెం, రాజమండ్రి కొట్లకు వేస్తాం. ఆ పెట్టెలన్నీ మోసేది 2009 మోడల్ మారుతి ఆల్టో ఎల్ఎక్స్ఐ. కొత్తగా కొన్నప్పటి నుంచీ మా దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి దాన్ని అమ్మేయమని ఈ ఏడంతా అడుగుతున్నాడు. మా ఆయన ఎటూ చెప్పరు. స్టీరింగ్ ముందు కూర్చునేది నేనే కాబట్టి తేల్చుకోవాల్సింది కూడా నేనే. గోదావరి జిల్లాల్లో ఇలాంటి పాత ఆల్టోలు ఇంకా చాలా ఇళ్ల ముందు కనిపిస్తాయి. వాళ్లకు కూడా పనికొస్తుందని మంచీ చెడ్డా రెండూ రాస్తున్నాను.

ఆల్టో మన దేశానికి 2000లో వచ్చింది. 2004 తర్వాత చాలా ఏళ్లు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు ఇదే. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు, 35 లీటర్ల ట్యాంకు. ఎల్ఎక్స్ఐ అంటే ఏసీ, పవర్ స్టీరింగ్, ముందు అద్దాలకు స్విచ్‌లు ఉన్న రకం. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఈ చివరి సంగతి దగ్గరకు మళ్లీ వస్తాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నేను కారును చూసేది పూతరేకు కోసం. రేకు ఎంత పలచనో చేత్తో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావ గుడ్డతో లాగితే క్షణంలో ఊడి వచ్చే పొర అది. నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టి పెట్టెలో సర్దాక దారిలో గట్టి కుదుపు ఒక్కటి తగిలితే చాలు, కొట్లో పెట్టె విప్పేసరికి సగం పొడే ఉంటుంది. ఆ పెట్టెను కొట్టువాళ్లు వెనక్కి పంపేస్తారు. వాళ్లననడానికీ లేదు.

మా దారులు రెండు. లొల్ల లాకుల మీదుగా రావులపాలెం వెళ్లేది ఒకటి, బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ధవళేశ్వరం, రాజమండ్రి చేరేది రెండోది. రెండూ కాలవగట్టు వెంబడి పోయేవే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం, మధ్యలో రోడ్డు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరో, కొబ్బరికాయల లారీనో వస్తే ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగాలి. ఆల్టో వెడల్పు మీటరున్నరకు కాస్త తక్కువే. ట్రాక్టర్ వచ్చినా రెండు చక్రాలు మట్టిలోకి దించితే సరిపోతుంది, ఆగాల్సిన పని లేదు. వెనక్కి తిప్పాలన్నా ఎవరింటి వాకిలి దగ్గరైనా ఒక్క విసురులో తిరిగిపోతుంది. కొత్తగా కొనమని మా అబ్బాయి చూపించిన ఎత్తు కారు బ్రెజా వెడల్పు 1,790 మిల్లీమీటర్లు. అంటే మా బండి కన్నా అడుగు ఎక్కువ. వర్షాకాలం మార్జిన్ మెత్తబడ్డాక కాలవగట్టు మీద ఆ అడుగు చాలా పెద్దది.

ఇక కుదుపు. చిన్న చక్రాలు కాబట్టి ప్రతి గుంతా లోపలికి తెలుస్తుంది, అందులో దాపరికం లేదు. కానీ వెనక షాకబ్జార్లు కొత్తవి వేయించి, టైర్లలో గాలి సరిగ్గా చూసుకుని, గట్టు మీద నలభై దాటకుండా నడిపితే పెట్టెలు పదిలంగా చేరతాయి. వెనక సీటు మడిచి, కింద పాత బొంత పరిచి, పెట్టెలు మూడు వరుసలకు మించకుండా పేరుస్తాను. మా అన్నయ్యగారి ఎత్తు కారులో ఒకసారి సంక్రాంతి సరుకు పంపాం. డిక్కీ పెద్దదే కానీ బండి పక్కలకు ఊగింది, పై వరుస పెట్టెలు జారిపోయాయి. ఎత్తు తక్కువ బండి పక్కలకు అంతగా ఊగదు. మనుషుల కన్నా సరుకుకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఏసీ గురించి మాత్రం మంచిగా చెప్పలేను. కొత్తలో చల్లగా ఉండేది. ఇప్పుడు రోహిణి కార్తెలో ముందు సీట్లకు సరిపోతుంది తప్ప వెనక పెట్టెల దాకా గాలి చేరదు. ఎండ ముదిరితే నెయ్యి కరిగి అట్టపెట్టె అడుగున మరక కడుతుంది. కండెన్సర్ మార్పించాం, గ్యాస్ పట్టించాం, కొంత మేలు. మే నెలలో తెల్లవారకముందే బయల్దేరడం తప్ప దీనికి వేరే మందు లేదు.

రిపేర్ల విషయంలో ఈ బండిని మించింది లేదని గట్టిగా చెబుతాను. రావులపాలెంలో ఏ మెకానిక్ దగ్గర ఆపినా దీని ఇంజిన్ తెలిసినవాడే ఉంటాడు. క్లచ్ సెట్ లేబరుతో కలిపి ఆరు వేల చిల్లరలో అయిపోయింది. టైరు మూడు వేల లోపే, పెద్ద కారు టైరు ఒక్కటి కొనే డబ్బుకు ఇవి రెండొస్తాయి. టైమింగ్ బెల్టు ఒక్కటే అశ్రద్ధ చేయకూడదు. లక్ష కిలోమీటర్లకు మార్చేయాల్సిందే, తెగే దాకా చూడకూడదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు వెయ్యి సీసీ లోపు కార్లకు ఏడాదికి 2,094 రూపాయలు, దాని మీద జీఎస్టీ. కోతల కాలంలో ఎలుకలు బానెట్‌లోకి దూరి వైర్లు కొరుకుతాయి, ఇది మా వైపు అందరికీ ఉన్న బాధే. పొగాకు కాడలు ఇంజిన్ పక్కన కడితే మా పాకలో కొంత తగ్గాయి. టాపు మీద ఒక సొట్ట ఉంది, అది కొబ్బరికాయ పడింది. దాన్ని బాగు చేయించలేదు, చేయించను కూడా.

ఈ నేల మీద కారుకు అసలు శత్రువు తుప్పు. అమ్మాలా ఉంచాలా అన్నది చివరికి దీని మీదే తేలుతుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో కొట్టు పెట్టడానికి ఈ బండిలోనే వెళ్తాం. సముద్రపు గాలి, ఇసుక రెండూ అక్కడే పడతాయి. రాజోలు దాటాక 216 హైవే మీద రొయ్యల బళ్లు ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ నీళ్లు కింద రేకుకు పట్టుకుని, పైన వానకాలపు చెమ్మ చేరితే పెయింటు పొంగు కట్టడం మొదలవుతుంది. బయటికి తలుపుల అడుగున చిన్న బుడగలే కనిపించాయి. మా మెకానిక్ డ్రైవర్ కాళ్ల కింద కార్పెట్ ఎత్తి చూపిస్తే రూపాయి బిళ్లంత చోట నేల కనపడింది. ఆ భాగం కోయించి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించి, అడుగంతా తుప్పు పట్టకుండా పూసే అండర్‌కోటింగ్ కొట్టించాం. అప్పుడతను అన్న మాట నాకు బాగా నచ్చింది. "ఇంజిన్‌కేం ఢోకా లేదండి అమ్మగారూ. ఛాసీ దాకా తుప్పు పాకనంత కాలం నడుపుకోండి. పాకిందా, ఇంక మీరు అడిగినా నేను వెల్డింగ్ పెట్టనండి, ఆయ్." ఛాసీ అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రం. మా బండికి చక్రాల పక్కన, సస్పెన్షన్ బిగించే చోట రేకు ఇంకా గట్టిగా ఉంది. తీర్థం నుంచి రాగానే అడుగు భాగం మంచినీళ్లతో కడగడం మా ఇంట్లో తప్పనిసరి పని.

పెట్రోల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2009 బండిని దాని కోసం చేయలేదు. ఇంధనం పారే రబ్బరు గొట్టాలు ముందుగానే మార్పించాం. మైలేజీ మునుపటి కన్నా కొద్దిగా తగ్గింది. రోజుల తరబడి ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచడం మానేశాను.

కాగితాల విషయంలో మా ఊళ్లో చాలామందికి ఒక భయం ఉంది, పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే అని. ఆ నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు అయిపోతే, ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. మాది 2024లో చేయించాం, 2029 దాకా దిగుల్లేదు. ఆ తర్వాత మాత్రం ఆలోచించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో కేంద్రం ఆ ఫీజును 10,000 చేసింది.

ఇప్పుడు మా అబ్బాయి మాట. వాడు డబ్బు గురించి అడగడం లేదు, మనవరాలి గురించి అడుగుతున్నాడు. "అమ్మా, పాపను ఆ కారులో హైవే ఎక్కించకు, నీకు దండం పెడతా" అన్నాడు. వాడు చెప్పింది పూర్తిగా నిజం. మా బండి తర్వాత వచ్చిన ఆల్టో 800ను 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, పెద్దవాళ్ల రక్షణలో ఒక్క స్టార్ కూడా రాలేదు. మాది దానికన్నా పాతది. 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ఇప్పటి ఆల్టో కె10లో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. జొన్నాడ వంతెన మీద మన పక్క నుంచి లారీ దూసుకుపోతే బండి మొత్తం గాలికి పక్కకు జరుగుతుంది. నేను నడిపేటప్పుడు నాకు ఫర్వాలేదు అనిపించవచ్చు, పాప వెనక కూర్చున్నప్పుడు ఆ మాట అనలేను. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

బేరాలూ విన్నాను. ఒక షోరూమ్‌లో కొత్త కారు తీసుకుంటే ఎక్స్చేంజ్ కింద యాభై ఐదు వేలు కడతామన్నారు. రావులపాలెం బ్రోకరు తొంభై వేలన్నాడు, కొనేది పక్క ఊరి కుర్రాడట, డ్రైవింగ్ నేర్చుకోవడానికి. తుక్కుకు ఇస్తే ప్రభుత్వం చెప్పిన లెక్క కొత్త బండి ధరలో నాలుగు నుంచి ఆరు శాతం, దాంతో పాటు కొత్తది కొన్నప్పుడు ట్యాక్సులో రాయితీ. మూడింటిలో ఏది తీసుకున్నా, చేతికొచ్చే డబ్బు పోను కొత్త కారుకు నెలనెలా వాయిదా కట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అది మంచి మాటే. అయినా పూతరేకుల మీద మిగిలే లాభం పండగలకు, పెళ్లిళ్ల సీజనుకు వస్తుంది కానీ ప్రతి నెలా ఒకేలా రాదు. ఆషాఢంలో ఆర్డర్లు పడిపోతే బ్యాంకువాడు ఆగడు.

అందుకని బండిని అమ్మడం లేదు. 2029 దాకా, లేదా ఛాసీకి తుప్పు పట్టే దాకా, ఏది ముందైతే అది. ఈలోపు అది సరుకు బండి. కాలవగట్టు దారుల్లోనే తిరుగుతుంది, బ్యారేజీ మీదుగా రాజమండ్రి వెళ్తుంది, ఏడాదికోసారి అంతర్వేది తీర్థానికి తప్ప హైవే మీద దూర ప్రయాణం చేయదు. అబ్బాయి, కోడలు, పాప వచ్చినప్పుడు రాజమండ్రి స్టేషన్‌కు ఎయిర్‌బ్యాగులున్న టాక్సీ పిలుస్తాం. ఆ ఖర్చు ఏడాది మొత్తం కలిపినా రెండు మూడు వాయిదాల డబ్బు కాదు. అబ్బాయికి ఇది పూర్తిగా నచ్చలేదు, కానీ పాప విషయంలో మాటిచ్చాను కాబట్టి ఒప్పుకున్నాడు. ఎప్పుడైనా కొత్తది కొనాల్సి వస్తే మళ్లీ ఆల్టోనే, ఎత్తు బండి కాదు. ఇప్పటి కె10 కూడా మా గట్టుకు సరిపోయే వెడల్పే.

మా వైపు పాత ఆల్టో కొనేవాళ్లకు ఒక మాట. పెయింటు మెరుపు చూసి బయానా ఇవ్వకండి. కార్పెట్ ఎత్తించి, స్టెప్నీ తీయించి, కింద దూరి టార్చ్ వేసి చూడండి. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల సందుల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే అది వరదలో నిలిచిన బండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిన వరదకు లంక ఊళ్లు మునిగాయి, అలాంటి బళ్లు అమ్మకానికి వస్తుంటాయి. అది ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దు. లోపలంతా పొడిగా ఉండి, ఛాసీ గట్టిగా ఉండి, టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపిస్తే లక్ష లోపు ధరకు ధైర్యంగా తీసుకోవచ్చు. తీసుకున్నాక మొదట అండర్‌కోటింగ్ కొట్టించండి, సీటు కవర్లు తర్వాత.